సెల్లారులో బండ, నేను రాసిన వెర్షన్

మా అమ్మను నేను ఒక బుధవారం మధ్యాహ్నం మూడుంపావుకి చంపాను. ఆ సమయానికి ఆవిడ పక్కగదిలో కూర్చుని సీరియల్ చూస్తూ, అందులో కోడలు చేస్తున్న పొరపాట్లను వేళ్ల మీద లెక్కపెడుతోంది. సంగతి ఆవిడకి తెలియదు. మా అమ్మాయి డిగ్రీ దరఖాస్తుకి జతచేయాల్సిన ఒక పేజీ వ్యాసంలో, మూడో పేరాలో, కథకు అవసరమనిపించి చంపేశాను. ఆ తర్వాత రెండు నెలలు హాయిగా తిన్నాను, హాయిగా పడుకున్నాను. ఆపైన పంతొమ్మిది రోజులు పడిన భయాన్ని మాత్రం ఇప్పటికీ పూర్తిగా దించుకోలేదు.

నేను సినిమాలకి హాస్యం రాస్తాను. తెర మీద పడేది వేరేవాళ్ల పేరు. మీరు నవ్విన చోట్లు కొన్ని నావి; నవ్వని చోట్లు పేరు పడ్డవాళ్లవి. యూసుఫ్‌గూడలో పద్నాలుగేళ్లు అద్దెకుండి, చివరికి ఫిల్మ్‌నగర్ కొండకి వెనకవైపు వాలులో ఒక ఫ్లాటుకి చేరాం. విజిటింగ్ కార్డు మీద జూబ్లీహిల్స్ అని వేయించాను. మా సందు ఎంత నిటారుగా ఉంటుందంటే, ఆటో ఎక్కేటప్పుడు కూర్చున్న మనిషి దిగేటప్పటికి పడుకుని ఉంటాడు.

ఈ అపార్టుమెంటు కట్టిన బిల్డరు కొండను నమలగలిగినంత నమిలి, నమలలేని ముక్కను సెల్లారులో వదిలేశాడు. సరిగ్గా మా ఫ్లాటుకి కేటాయించిన పార్కింగులో. అందుకే మాకు కారు లేదు, బండ ఉంది. నా లెక్క ప్రకారం అది మూడు ఏనుగులు కౌగిలించుకుని నిద్రపోయినంత ఉంటుంది. మా అమ్మాయి లెక్క ప్రకారం రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు. మా ఇద్దరికీ మధ్య ఉన్న తేడా అంతా ఆ లెక్కలోనే ఉంది.

ఎనిమిదో తరగతిలో ఉండగా ఆ బండకి అడ్డంగా ఒక పగులు ఉందని మా అమ్మాయి కనిపెట్టింది. పగులుకి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ కలిపి ఒక సన్నటి గాజుముక్కను సిమెంటుతో అంటించింది. బండ వెంట్రుకంత కదిలినా గాజు విరుగుతుందట. అప్పటినుంచి ప్రతి నెలా ఒకటో తేదీన స్కేలు తీసుకుని కిందికి వెళ్లడం, పగులు వెడల్పు కొలవడం, నోటుబుక్కులో రాయడం. నాలుగేళ్లలో ఒక్క నెల తప్పలేదు. పిల్లలకి ఇలాంటి పిచ్చి ఉండటం మంచిదేనని నేను దాని జోలికి పోలేదు. నిజం చెప్పాలంటే, ఆ నోటుబుక్కు ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు.

ఇంటర్ రెండో ఏడు మొదలవగానే తను రాళ్లే చదువుతానంది. అక్కడితో ఆగితే బాగుండేది. డిగ్రీ గురించి కాక, ముందు పీహెచ్‌డీ గురించి మాట్లాడింది. పీహెచ్‌డీ ఎవరి దగ్గర చేయాలనుందో చూసుకుని, అందుకు పీజీలో ఏం కావాలో కనుక్కుని, దానికి డిగ్రీలో ఏం చేసి ఉండాలో అక్కడినుంచి వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. పద్ధతి మాత్రం నాకు నచ్చింది. మేమూ అంతే. కథా చర్చల్లో ముందు క్లైమాక్స్ తేల్చుకుని, తర్వాత హీరో ఏ ఊళ్లో పుట్టాలో చూస్తాం.

అప్పటికి రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, ఊరవతల ఒక పెద్ద ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయం. దాని గేటు కింద నుంచి మా అపార్టుమెంటు నిలువునా వెళ్లిపోతుంది. సీటు ఇస్తామని ముందే చెప్పేశారు. రెండోది, పొరుగు రాష్ట్రంలో ఒక చిన్న సైన్సు సంస్థ. భూగర్భశాస్త్రంలో డిగ్రీకి ఏడాదికి ఇరవైమందినే తీసుకుంటారు. మార్కులు చూస్తారు, వ్యాసం చదువుతారు, ఇంటర్వ్యూ చేస్తారు. దాని ఫొటో చూపిస్తే నాకు వెనక కొండ కనిపించింది గానీ కాలేజీ కనిపించలేదు.

"పెద్ద బ్యానర్ వదులుకోకమ్మలూ," అన్నాను. మా సినిమావాళ్లకి అన్నిటికన్నా ముందు బ్యానర్.

"నువ్వు పెద్ద బ్యానర్‌లో మూడేళ్లు అసిస్టెంటుగా చేశావు కదా నాన్నా. ఏం నేర్చుకున్నావు?"

"డైరెక్టరుగారి టీలో చక్కెర ఎంతో నేర్చుకున్నాను."

"చిన్న సినిమాలో?"

చిన్న సినిమాలో నాలుగు నెలలకే సీన్లు రాశాను. ఆ ముక్క బయటికి అనలేదు. మా ఆవిడ మధ్యలోకి వచ్చి, "ఆయన్నెందుకే ఉదాహరణగా తీసుకుంటావు, ఇంకెవరూ దొరకలేదా," అంది. ఆవిడ స్కూలు టీచరు. ఆవిడకీ ఇంజనీరింగే ఇష్టం. చేతిలో ఉన్న సీటు చేతిలోనే ఉండాలని ఆవిడ మాట.

మోతీనగర్‌లో ఒక రిటైరైన జియాలజీ సారు ఉన్నారు. ఆదివారాలు బండలు చూడటానికి నడిచేవాళ్ల గుంపులో మా అమ్మాయికి పరిచయం. ఆయన చెబితేనైనా మారుతుందని నేనే తీసుకెళ్లాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోమని, దానితో మాట్లాడారు.

"గేటు మీది బోర్డు చూసి చేరకు బిడ్డా. పీహెచ్‌డీకి పోయేటప్పుడు బోర్డు నీ ఎంబడి రాదు. ముగ్గురు సార్లు నీ గురించి ఉత్తరం రాయాలె. అండ్ల నీ మార్కులు కాదు, నువ్వెట్ల పనిచేస్తవో రాయాలె. రెండొందల మంది కూసునే క్లాసుల నువ్వెవరో ఆ సారుకేమెరుక?"

"మరి ఏ కాలేజీ అలాంటిదో ఎలా తెలుసుకోవాలి సార్?"

"ఫోన్లు చెయ్యి. డిగ్రీ పిల్లల్ని ల్యాబుల అడుగుపెట్టనిస్తరా లేదా అడుగు. ఎండాకాలం సార్లతోని పనిచేస్తరా, తాళమేసుకొని ఊరికి పోతరా అడుగు. పోయినేడు పాసైనోళ్లు గిప్పుడు ఏడున్నరో అడుగు. చెప్పెటోళ్లు చెప్తరు. చెప్పకుంట మా క్యాంపస్‌ల ఈతకొలను ఉన్నది అంటే, ఫోను పెట్టెయ్యి."

మా అమ్మాయి రెండు చోట్లకీ ఫోన్లు చేసింది. పెద్ద గేటువాళ్లు నిజంగానే ఈతకొలను సంగతి చెప్పారు. చిన్న సంస్థలో ఫోను ఎత్తిన ఆవిడ, పోయినేడు డిగ్రీ అయిన పద్దెనిమిదిమంది ఎవరెవరు ఎక్కడెక్కడ ఉన్నారో పేరుపేరునా చెప్పి, అందులో ఒకడు చదువు మానేసి బిర్యానీ హోటలు పెట్టాడని కూడా చెప్పింది. మా అమ్మాయి అక్కడికే వెళ్తానంది.

దరఖాస్తుకి ఆఖరి రోజు ఆ బుధవారం. సాయంత్రం అయిదు దాకా గడువు. ఆ రోజే దానికి కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష. వెళ్తూ వెళ్తూ లాప్‌టాప్ నా ముందు పెట్టింది.

"వ్యాసం ఇందులో ఉంది. పీడీఎఫ్ చేసి ఎక్కించు నాన్నా, అంతే. ఏమీ ముట్టుకోకు."

ఇక్కడ మా వృత్తిలో ఉన్న ఒక అలవాటు చెప్పాలి. మా దగ్గర ఎవరి కాగితం ఎవరి చేతికొచ్చినా, దానికి తన వెర్షన్ ఒకటి రాయకుండా తిరిగివ్వరు. ఒకే సీనుకి నలుగురం నాలుగు వెర్షన్లు రాస్తాం. ఏది తీస్తారో ఎవరికీ తెలియదు. ముట్టుకోకుండా ఇస్తే, చదవలేదేమో, పని రాదేమో అనుకుంటారు. ఇరవై రెండేళ్లుగా అదే పని. పెళ్లి శుభలేఖ ప్రూఫు చూడమంటే ఇంటర్వెల్ ఎక్కడని వెతికే చెయ్యి నాది. ఆ చేతికి ఆ పేజీ ఇచ్చి, ముట్టుకోకు అంది.

చదివాను. దాని వ్యాసం తెలుగులో చెప్పాలంటే దాదాపు ఇంతే: మా ఇంటి సెల్లారులో ఒక గ్రానైటు బండ ఉంది. దాని పగులును నాలుగేళ్లుగా నెలకోసారి కొలుస్తున్నాను. మా నాయనమ్మ టార్చి పట్టుకుంటుంది. పగులు వెడల్పు మారలేదు. ఎందుకు మారలేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది. కింద నలభై ఎనిమిది నెలల అంకెలతో ఒక పట్టిక.

హీరోయిన్ ఎంట్రీ లేదు. నాలుగేళ్లు కొలిస్తే ఏమీ జరగలేదట. ఇలాంటి కథ పట్టుకుని ఎవరి ఆఫీసుకైనా వెళ్తే మంచినీళ్లు కూడా ఇవ్వరు. వేలమంది పిల్లలు రాస్తున్న చోట మా పిల్ల ఇదా పంపేది? భయమేసింది. ఆ భయంతోనే చెయ్యి పెట్టాను.

పట్టిక ల్యాగ్ అనిపించి, అంటే కథను సాగదీస్తోందనిపించి, కోసేశాను. నా వెర్షన్‌లో, బిల్డరు డైనమైట్ పెట్టి పేల్చబోతున్న బండకి అడ్డంగా ఆరేళ్ల పాప చేతులు చాపి నిలబడింది. మేస్త్రీ కళ్లు తుడుచుకున్నాడు. టార్చి పట్టుకోవడంలో ఎమోషన్ లేదు గనుక నాయనమ్మను ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టాను. ఆవిడ మనవరాలి అరచేతిలో ఒక గులకరాయి పెట్టి, "ఇది మాట్లాడుతుందమ్మా, వినేవాళ్లే లేరు," అని కళ్లు మూసింది. రాస్తూ రాస్తూ నేనే రెండుసార్లు ముక్కు చీదుకున్నాను. పక్కగదిలోంచి మా అమ్మ, "ఏరా, జలుబు చేసిందా," అని అడిగింది కూడా. తెలుగులో రాసినదాన్ని ఫోనులో ఇంగ్లీషు చేయించి, నాలుగు నలభైకి ఎక్కించాను. ఇక మార్పులు వీలుపడవని తెర మీద వచ్చింది. అప్పుడది నాకు బెదిరింపులా కాదు, దీవెనలా అనిపించింది.

మా అమ్మాయి సాయంత్రం వచ్చి, "ఎక్కించావా?" అంది.

"ఎక్కించాను."

"ముట్టుకోలేదు కదా?"

"నేనా?" అన్నాను. ప్రశ్నకి ప్రశ్నతో జవాబివ్వడం కామెడీలో మొదటి పాఠం.

ముందే చెప్పానుగా, రెండు నెలలు హాయి. ఒక ఉదయం దోసెలు తింటుండగా దాని ఫోనుకి మెయిల్ వచ్చింది. ఇంటర్వ్యూకి పిలిచారు. పంతొమ్మిది రోజుల తర్వాత, పదకొండింటికి, వీడియోలో, నలుగురి ముందు. అది గట్టిగా చదివింది. ఆఖరి వాక్యం కూడా చదివింది: అభ్యర్థి రాసిన వ్యాసం ఆధారంగా ప్రశ్నలు ఉంటాయి.

నా గొంతులో దోసె అక్కడే ఆగి ఇల్లు కట్టుకుంది.

ఆ రోజు నుంచి నా గుండె చప్పుడు ఎలా ఉండేదంటే, కింది ఫ్లాటువాళ్లు మా ఆవిణ్ణి రాత్రుళ్లు పిండి రుబ్బుతున్నారా అని అడిగారు. మా అమ్మాయి దగ్గర దాని వ్యాసం దాని లాప్‌టాప్‌లోనే ఉంది. దరఖాస్తుతో పాటు వెళ్లింది అదేనని దాని నమ్మకం. రోజూ అద్దం ముందు నిలబడి పగుళ్ల గురించి, ఎండకి వానకి రాయి పొరలు పొరలుగా ఊడటం గురించి సాధన చేస్తోంది. అవతల నలుగురు పెద్దలు డైనమైట్ ముందు నిలబడ్డ పాప కోసం ఎదురుచూస్తున్నారు. ఈ రెండూ కలిసే రోజు క్యాలెండరులో ఎర్రగా కనిపించేది. అది ఆదివారం కూడా కాదు.

చెబుదామనే అనుకున్నాను. నాలుగుసార్లు నోరు తెరిచాను. నాలుగుసార్లూ అందులోకి ఏదో ఒకటి తినడానికి పెట్టుకుని మూశాను. అయిదోసారి మా వృత్తి తెలివి వాడి, కథలా చెప్పాను.

"అమ్మలూ, ఒక సినిమాకి కథ లైన్ అనుకున్నాం. ఒక తండ్రి ఉంటాడు. మంచివాడే. కూతురి మీద ప్రేమతో ఆమె పరీక్ష పేపరు మార్చేస్తాడు. ఆమెకి తెలియదు."

"తర్వాత?"

"తర్వాతే తెగడం లేదు. నీకేమనిపిస్తుంది?"

"ఆ తండ్రి వెధవలా ఉన్నాడు నాన్నా. సెకండాఫ్‌లో చంపేయండి," అని మళ్లీ అద్దం వైపు తిరిగింది.

ఇంటర్వ్యూకి వారం ఉందనగా, సాధన కోసం మళ్లీ మోతీనగర్ సారు దగ్గరికి వెళ్లాం. నన్ను రావొద్దంది. నేనే వెంటపడ్డాను, దారిలో చెప్పొచ్చని. దారిలో ట్రాఫిక్ లేకపోవడంతో ధైర్యం వచ్చేలోపే సారు ఇల్లు వచ్చేసింది.

సారు అరగంట ప్రశ్నలడిగి సంతోషించారు. టీ తాగుతూ నాతో అన్నారు: "బిడ్డ సాఫ్‌గ మాట్లాడుతది. తెల్వకుంటె తెల్వదంటది. గదే గావాలె. నేను ముప్పయ్యేండ్లు పిల్లలకు ఉత్తరాలు రాసిన. ఒక పోరడు చేయని కొలతలు చేసిన అని రాసిండు. నాకు ఎరుకైంది. ఇగ ఆనికి ఒక్క లైను రాయలే. నేను రాయకుంటె ఇంకోలు కూడ రాయరు. మా దాంట్ల అందరికి అందరు ఎరుకే. తెలివి తక్కువుంటె నేర్పుతం. లేనిది రాసినోనికి ఏం నేర్పుతం?"

నా చేతిలో టీ కప్పు సాసరుతో వాదన పెట్టుకుంది. సారు చూసి, "బీపీ ఉన్నదా సార్, జర చూపించుకోండ్రి," అన్నారు.

అప్పటిదాకా నా భయం సీటు పోతుందేమోనని. ఆ టీతో అది ఎనిమిదేళ్ల పొడవు సాగింది. డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ. ఏ మలుపులో ఏ సారు ఉత్తరం రాయడానికి కలం తీసినా, అక్కడ నేను రాసిన గులకరాయి దొర్లుకుంటూ వస్తుంది. ముగ్గురు పెద్దమనుషులు దీని గురించి నిజం రాయాలని ఇంత వెతుక్కుని కాలేజీ ఎంచుకుంటే, మొదటి కాగితమే నేను అబద్ధంతో నింపాను.

పద్దెనిమిదో రోజు వచ్చింది. ఇంజనీరింగ్ సీటు ఖాయం చేసుకోవడానికి ఆ సాయంత్రం నాలుగింటిదాకానే గడువు. మా ఆవిడ పొద్దున స్కూలుకి వెళ్తూ, "ఏవండీ, దానికి మీరైనా చెప్పండి. రేపటి ఇంటర్వ్యూ పోతే రెండూ పోతాయి," అంది. మా అమ్మాయి మాత్రం ఆ సీటు వద్దని తేల్చేసింది. "రేపు నేను చెప్పేది నాలుగేళ్లు నేను చేసిందే కదమ్మా. భయమెందుకు," అంది.

ఇక చెప్పక తప్పదు. ముందు ఎవరితోనో ఒకరితో చెప్పి అలవాటు చేసుకోవాలి. హతురాలి దగ్గరికే వెళ్లాను.

"అమ్మా, నిన్ను చంపేశాను."

మా అమ్మ టీవీ గొంతు తగ్గించింది. "ఎందులోరా? సినిమాలోనా?"

"కాదు. పిల్ల వ్యాసంలో." మొత్తం చెప్పాను.

"ఏ జబ్బుతో పోయాను?"

"అది రాయలేదు."

"జబ్బు లేకుండా ఎలా పోతానురా? ఇంకేం నమ్ముతారు వాళ్లు." టీవీ కట్టేసింది. "పోతే పోయాను. నెలనెలా ఆ మెట్లు దిగి టార్చి పట్టుకుంది నేనేనని పిల్ల రాసిందా?"

"రాసింది."

"అది తీసేశావా?"

తల ఊపాను.

"దోమలు కుడుతుంటే నిలబడ్డానురా. మోకాళ్లు పట్టేసిన రోజుల్లో కుర్చీ వేయించుకున్నాను. లైటు కాస్త అటూ ఇటూ అయితే అంకె తప్పు వస్తుందనేది. చెయ్యి కదపకుండా పట్టుకునేదాన్ని." రిమోటు పక్కన పెట్టింది. "నన్ను చంపినందుకు నాకేం లేదు. దాని నాలుగేళ్లూ కోసేశావు చూడు, వెళ్లి అది చెప్పు ముందు. పిల్ల కిందే ఉంది."

కిందే ఉంది. రేపటి కోసం బండను ఫొటోలు తీస్తోంది. నేను చెప్పాను. ఈసారి లైన్ లేదు, తండ్రి పాత్ర లేదు. రెండు నిమిషాల్లో అయిపోయింది. పంతొమ్మిది రోజులకి సరిపడా భయం ఆ రెండు నిమిషాలు నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది.

అది అరవలేదు. ఫోనులో దరఖాస్తు తెరిచి, వ్యాసం మొదటినుంచి చివరిదాకా చదివింది. మధ్యలో ఒకసారి, "ఆరేళ్ల పిల్ల డైనమైట్ ఆపిందా," అంది. తర్వాత పైకీ కిందికీ జరిపి చూసింది.

"నా పట్టిక ఏది?"

"ల్యాగ్ అనిపించిందమ్మా."

ఆ తర్వాత అది చాలాసేపు బండ వైపే చూసింది. ఇరవై రెండేళ్లలో ఎన్నో సినిమాలు పోవడం చూశాను. మొదటి ఆటకి హాల్లో నేనొక్కణ్ణే కూర్చున్న రోజులున్నాయి. అక్కడ కూడా అంత నిశ్శబ్దం లేదు.

"ఇంకా గంటన్నర ఉంది. ఆ సీటు ఉంచుకుందాం. రేపటి దాకా ఉంచుకుందాం," అన్నాను.

"నీ భయానికి నేను నాలుగేళ్లు అక్కడ కూర్చోవాలా నాన్నా?"

కళ్లు తుడుచుకుంది. అప్పుడు గానీ ఏడుస్తోందని నాకు తెలియలేదు. "వాళ్లకి నువ్వే రాయి. నీ పేరుతో. తెలుగులో రాసి ఫోనుకివ్వకు, నీకొచ్చిన ఇంగ్లీషే రాయి. ఒక్క విశేషణం ఉండకూడదు. కింద నా అసలు పేజీ పెట్టు."

సినిమాకి రెండు రోజుల్లో అరవై పేజీలు ఇచ్చిన చేతికి అయిదు వాక్యాలు రాయడానికి గంటన్నర దాటి పట్టింది. ఈ వ్యాసం నేను రాశాను. నా కూతురికి తెలియదు. మా అమ్మ బతికే ఉంది. పట్టిక నేను తీసేశాను. అసలు పేజీ ఇది. నాలుగో వాక్యంలో ఒక 'తీవ్రంగా' దూర్చబోతే వెనకనుంచి చెయ్యి వచ్చి కొట్టేసింది. పంపేసరికి నాలుగుంపావు. పెద్ద గేటు మూసుకుపోయింది. మా ఆవిడ స్కూలు నుంచి వచ్చి, విషయం విని, చెప్పులైనా విప్పకుండా సోఫాలో కూర్చుని, "నేను చేతిలో సీటు అన్నాను. మీ చేతులు నాకు గుర్తు రాలేదు," అంది.

సంస్థ నుంచి ఒకే వాక్యం జవాబు వచ్చింది: మీ సందేశం అందింది. ఆ వాక్యాన్ని నేను ఎన్ని రకాలుగా చదవొచ్చో అన్ని రకాలుగానూ చదివాను. అన్ని రకాల్లోనూ మా అమ్మాయి ఓడిపోయింది.

మర్నాడు పదకొండింటికి నన్ను ఇంట్లో ఉండనివ్వలేదు. సెల్లారులో బండ పక్కన, మా అమ్మ టార్చి పట్టే కుర్చీలో కూర్చున్నాను. గాజుముక్క మొదటిసారి దగ్గరగా చూశాను. దాని మీద సన్నగా తేదీ గీసి ఉంది. పక్కన సుద్దముక్కతో వేసిన గుర్తులు, స్కేలు ప్రతిసారీ ఒకే చోట ఆనించడానికి. ఒక గుర్తు దగ్గర బండ నున్నగా అరిగింది. పైన మూడో అంతస్తులో ఒక పిల్ల అబద్ధాలకోరు కూతురిగా నలుగురి ముందు కూర్చుని ఉంది. ఆ నలభై నిమిషాల్లో గాజుముక్క నా ఊపిరికే విరుగుతుందేమోనని మొహం పక్కకి తిప్పుకుని కూర్చున్నాను.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. ఇద్దరూ వచ్చారు, మనవరాలూ నాయనమ్మా. మా అమ్మాయి ముందు గాజుముక్క చూసుకుంది. తర్వాత నన్ను.

"మొదటి ప్రశ్న ఏం అడిగారమ్మా?"

"మీ నాయనమ్మగారు ఎలా ఉన్నారని."

"నువ్వేమన్నావు?"

"పక్కగదిలో ఉన్నారు, కొంచెం టీవీ గొంతు తగ్గించమంటాను అన్నాను."

మా అమ్మ, "తగ్గించాను కదే," అంది.

"ఒక సారు, మీ నాన్నగారు రాసినదాంట్లో నిజం ఏదైనా ఉందా అని అడిగారు. బండ ఉందన్నాను. తర్వాత ఒక మేడమ్, నాలుగేళ్లు కొలిచినా ఏమీ మారకపోతే విసుగు రాలేదా అన్నారు. వచ్చింది అన్నాను. మరి ఎందుకు మానలేదంటే, నాయనమ్మ అప్పటికే టార్చి పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉండేది అన్నాను."

"నవ్వారా?"

"నాన్నా, ప్రతిదానికీ నవ్వారా అని అడక్కు."

పదకొండు రోజులకి సీటు వచ్చింది. మా ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టింది. నేను మెయిల్ అడుగుదాకా చదివాను, అలవాటు కొద్దీ. తండ్రి రాసిన ఉత్తరం, మొదటి వ్యాసం, అసలు పేజీ, మూడూ విద్యార్థిని ఫైల్లో భద్రపరుస్తామని ఉంది. అంటే రేపు ఎవరైనా సారు దీని గురించి ఉత్తరం రాయడానికి ఆ ఫైలు తెరిస్తే, పీహెచ్‌డీ గుమ్మం దాకా ముందు కనిపించేది నా రాతే. మా అమ్మాయి పర్వాలేదంది. "అసలు పేజీ కూడా ఉందిగా," అంది. నాకు మాత్రం ఇప్పటికీ దాని నంబరు నుంచి ఫోను మోగితే, ఎత్తే ముందు ఒకసారి గోడ పట్టుకోవాలి.

హాస్టలుకి వెళ్లే ముందు నోటుబుక్కు నా చేతికిచ్చింది. నెలనెలా ఒకటో తేదీన నేను కొలవాలి, అంకె పంపాలి. అంకె మాత్రమే. వాక్యం ఉండకూడదు.

నిన్న ఒకటో తేదీ. మా అమ్మ కుర్చీలో కూర్చుని టార్చి పట్టింది. స్కేలు గుర్తు దగ్గర ఆనించాను. నాలుగు మిల్లీమీటర్లు, నోటుబుక్కులో నెలనెలా ఉన్న అంకే. నాలుగుకి కాస్త అవతల ఉందేమో అనిపించింది. కాస్త అవతల ఉంటే ఎంత బాగుంటుందో కూడా అనిపించింది. నాలుగేళ్లుగా కదలని బండ నా చేతిలోకి రాగానే కదిలిందంటే.

"ఎంతరా?" అంది మా అమ్మ.

"నాలుగు."

"మళ్లీ చూడు."

మళ్లీ చూశాను. ఆవిడ టార్చి కదలలేదు.

"నాలుగే," అన్నాను. రాసుకున్నాను.